గౌస్ బాషా వేళ్లలో ఉండలు

చిలకలూరిపేటలో పరుపు కొనడానికి రెండు దారులున్నాయి. హైవే పక్కనున్న అద్దాల షోరూముకి వెళ్లి, ప్లాస్టిక్ కవరు కూడా విప్పని పరుపు అంచున మొహమాటంగా కూర్చుని, సేల్సు కుర్రాడు చెప్పే స్ప్రింగుల పురాణమంతా విని కొనడం ఒకటి. వెనక బజారులో జానీబీ కొట్టుకొచ్చి, ఆవిడ కుట్టిన దూది పరుపు మీద గౌస్ బాషాని పడుకోబెట్టడం రెండోది. గౌస్ బాషా నిద్రపోతే పరుపు మంచిది. కళ్లు తెరుచుకుని దొర్లుతుంటే దాన్ని విప్పి మళ్లీ కుట్టాలి. ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

గౌస్ బాషా జానీబీ చిన్నకొడుకు. ముప్పై ఆరేళ్లవాడు. పొట్టి మనిషి, గుండ్రటి మొహం, కొసలు పైకి లేచిన చిన్న కళ్లు. నవ్వితే ఆ కళ్లు కూడా కనపడవు. వాడు పుట్టినప్పుడు ఆసుపత్రిలో డాక్టరు గారు డౌన్ సిండ్రోమ్ అని చెప్పి, ఈ పిల్లాడు అన్నీ ఆలస్యంగా నేర్చుకుంటాడమ్మా అన్నాడు. ఆయన అన్నట్టే నడక ఆలస్యంగా వచ్చింది. మాట ఇంకా ఆలస్యంగా వచ్చింది. అబద్ధం మాత్రం టైముకే వచ్చేసింది.

బడిలో పంతులు గారు వాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టగలిగారు గానీ అక్షరాలు దిద్దించలేకపోయారు. తండ్రి హుస్సేన్ సాహెబ్ రెండేళ్లు చూసి, "అక్షరాలు రాకపోతే పోయె, దూది వస్తదేమో చూద్దాం" అని కొట్లోకి తెచ్చుకున్నాడు. ముందు కర్ర ఇచ్చి దూది కొట్టమన్నాడు. గౌస్ కొట్టిన దూదిలో సగం ఇంట్లో, సగం బజార్లో, కొంత ఎదురింటి పున్నమ్మ బజ్జీల మూకుట్లో తేలింది. పున్నమ్మ అట్లకాడ పట్టుకుని వచ్చేసింది. కర్ర లాక్కుని, కుట్టడం పూర్తయిన పరుపు మీద వాణ్ణి పడేశాడు సాహెబ్. అప్పుడు బయటపడింది వాడి విద్య. కళ్లు మూసుకుని, అరచెయ్యి పరుపు మీద మెల్లగా పాకించుకుంటూ పోయి, ఒకచోట ఆగి, "ఉండ" అన్నాడు. సరిగ్గా ఏకకుండా ముద్దకట్టిన దూది పరుపు లోపల ఉండిపోతే, పడుకున్నవాడి నడుముకి రాయిలా తగులుతుంది. సాహెబ్ కుట్టు విప్పి చూస్తే నిజంగానే ఉంది ఉండ, రేగుపండంత. ఆ రోజు నుంచి గౌస్ చెయ్యి తిరగని పరుపు ఆ కొట్టు గడప దాటలేదు. సాహెబ్ పోయాక కూడా.

పరుపు విషయంలో వాడు ఎవరి మొహమూ చూడడు. ఒకసారి మార్టూరు నుంచి గ్రానైటు పాలిషింగు మిల్లాయన వచ్చి డబుల్ పరుపు చేయించుకున్నాడు. గౌస్ అన్న కలీం దాన్ని తన గూడ్సాటోకి ఎక్కించి, తాళ్లు కట్టి, స్టార్టు కూడా చేశాడు. గౌస్ పరిగెత్తుకెళ్లి ఆటో ఎక్కి, పరుపు మీద బోర్లా పడుకుని, "ఉండ. కాళ్ల దగ్గర" అన్నాడు.

"ఒరేయ్, దిగరా బాబూ, నీకు దణ్ణం పెడతా" అన్నాడు కలీం.

"ఉండ."

"లేదండీ, మావాడు కొంచెం తేడా" అన్నాడు కలీం మిల్లాయనతో.

మిల్లాయనకి అనుమానం వచ్చి విప్పించాడు. ఉండ ఉంది. జానీబీకి కోపమూ వచ్చింది, గర్వమూ వచ్చింది. ముందు కోపం చూపించి, గర్వం తర్వాత పున్నమ్మకి చెప్పుకుంది.

ఇక పరుపు కాకుండా లోకంలో ఇంకే సంగతి అడిగినా గౌస్ నోట నిజం రాదు. వాడికి అన్నిటికంటే ఇష్టమైన మాట నొప్పి. నీళ్ల క్యాను ఎత్తమంటే నొప్పి. చీపురు పట్టమంటే నొప్పి. ఎక్కడరా అంటే ఆ సమయానికి చెయ్యి ఎక్కడుంటే అక్కడ. బజ్జీ తింటే మాత్రం తగ్గిపోతుంది.

"నిన్న కడుపు, ఇవాళ మోకాలు" అనేవాడు కలీం. "రేపు వీడికి మీసంలో కూడా వస్తదమ్మా, చూస్తా ఉండు."

తమాషా ఏంటంటే, నిజంగా దెబ్బ తగిలినప్పుడు గౌస్ నోరు విప్పడు. ఒకసారి పరుపు కుట్టే దబ్బనం అరచేతిలో దిగింది. అంత లావు సూది దిగితే ఎవరైనా బజారు ఎగిరిపోయేలా అరుస్తారు. వాడు చెయ్యి జేబులో పెట్టుకుని తాపీగా కుళాయి దగ్గరికి వెళ్లాడు. జేబు ఎర్రబడటం చూసి జానీబీ పరిగెత్తుకొచ్చింది. తర్వాత మాత్రం వాడి తండ్రిది కూడా మొద్దు ఒళ్లే అని సరిపెట్టుకుంది.

ఈ ఏడు మిరపకాయల సీజను మొదలయ్యాక గౌస్ నిద్ర పెరిగింది. యార్డులో కాయ అమ్ముకుని, తిరుగు దారిలో పరుపో దిండో కొనుక్కుపోదామని రైతులు పొద్దున్నే వస్తారు. వాళ్లొచ్చేసరికి కొట్టు మధ్యలో, కొత్త పరుపు మీద, నోరు తెరుచుకుని గౌస్ బాషా. ఎండ గడప దాటి లోపలికొచ్చినా లేవడు. పిలిస్తే ఒక కన్ను తెరిచి, నవ్వి, మళ్లీ మూస్తాడు.

జానీబీ దీన్ని గొప్ప వ్యాపార రహస్యంగా పట్టేసింది.

"చూశారుగా" అనేది రైతులతో. "ఒకసారి నా పరుపు ఎక్కితే మనిషి లేవలేడు."

"అబ్బో, జానీబమ్మా, ఇట్టాంటి పరుపైతే మా పొలం పని ఎవడు చేస్తాడు" అని నవ్వి కొనుక్కుని పోయేవాళ్లు. బేరం తగిలినప్పుడు వాణ్ణి లేపొద్దని ఆవిడ కలీంకి ఆర్డరు కూడా వేసింది.

"పడుకున్నందుకు వీడికి జీతం పెంచమ్మా" అన్నాడు కలీం. "పనిచేసినందుకు నాకు తగ్గించు."

నిద్రతో పాటు గౌస్‌కి కొత్త కొత్త వేషాలు పుట్టుకొచ్చాయి. చొక్కా గుండీలు పెట్టుకోవడం మానేసి, ఛాతీ చూపించుకుంటూ హీరోనన్నాడు. టీ గ్లాసుని రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని, దువా చేస్తున్నట్టు పైకెత్తి తాగడం మొదలెట్టాడు. లుంగీ ముడి కలీం వేస్తే తప్ప కదలనని బైఠాయించాడు. అన్నిటికంటే పెద్ద వేషం ఫోను. వేలు వాడకుండా ముక్కుతో నొక్కుతున్నాడు. ఆ ముక్కు ఒక నంబరుకి బదులు మూడు నంబర్లు నొక్కి, పొదిలిలో ఎవరో తెలియని పెద్దమనిషికి ఫోను పోయి, ఆయనతో గౌస్ చాలాసేపు మాట్లాడాడు.

పున్నమ్మ బజ్జీలు తిప్పుతూ పడీపడీ నవ్వింది. "జానీబక్కా, నీ కొడుకుని సర్కసులో చేర్పించు. నేనూ టికెట్టు కొనుక్కుని వస్తా."

జానీబీ కూడా నవ్వింది. ఆవిడ నవ్వు రంజాన్ పండక్కి ముందు రోజు పొద్దున ఆగిపోయింది.

గౌస్‌కి గోరింటాకంటే ప్రాణం. ఏటా పండగ ముందు రెండు చిటికెన వేళ్లకీ పెట్టించుకుని, ఆరేదాకా చేతులు గాల్లో పెట్టుకుని బజారంతా ఊరేగుతాడు. ఈసారి జానీబీ ఆకు రుబ్బి గిన్నెతో వస్తే, వాడు చేతులు పరుపు కింద దాచాడు. ఇది కూడా ఆటే అనుకుని ఆవిడ చెయ్యి పట్టి లాగింది. వాడు నవ్వుతూ ఉన్నవాడల్లా ఒక్కసారిగా ముడుచుకుపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆవిడ వాడి వేళ్లు చూసింది. కణుపులు ఉబ్బి, చర్మం మెరుస్తోంది. ముట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి. చిటికెన వేలు చాపుదామంటే సాగలేదు.

"నొప్పిరా గౌసూ?"

"నొప్పి లేదు" అన్నాడు గౌస్.

జానీబీ గోరింటాకు గిన్నె కింద పెట్టేసింది. వాడి నోట నొప్పి లేదు అన్న మాట ఆవిడ ఇన్నేళ్లలో ఎన్నడూ వినలేదు.

పండగ మర్నాడు కలీం ఆటోలో ఊళ్లోనే ఒక ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. పొద్దున్నే టోకెను తీసుకున్నా, పిలుపు వచ్చేసరికి సాయంత్రమైంది. అప్పటికి గౌస్ వేళ్లు వదులయ్యాయి, హుషారు కూడా వచ్చింది. డాక్టరు గారికి సెల్యూట్ కొట్టాడు, చెయ్యి కలిపాడు, ఆయన స్టెతస్కోపు అడిగి మెళ్లో వేసుకున్నాడు. ఆయన నవ్వి, అయినా చూద్దామని కీళ్లవాతం పరీక్షలన్నీ రాశాడు. రక్తం తీసేటప్పుడు గౌస్ కిక్కురుమనలేదు. రిపోర్టు వచ్చింది. వాతానికి సంబంధించిన గుర్తులేవీ రక్తంలో లేవు.

"ఏమీ లేదమ్మా. ఇలాంటివాళ్లు అప్పుడప్పుడు మొండికేస్తారు" అన్నాడాయన. వాపుకి నాలుగు మాత్రలు రాసిచ్చాడు.

"విన్నావా?" అన్నాడు కలీం ఆటో తోలుతూ. "రక్తం కూడా చెప్పేసింది, నాటకమని."

గౌస్ మహా సంబరపడిపోయాడు. జీవితంలో మొదటిసారి ఒక పరీక్ష పాసయ్యాడు. బజారులో కనపడ్డ ప్రతివాడికీ "నేను పాస్" అని చెప్పి, పున్నమ్మ దగ్గర ఆ పేరు మీద మిరపకాయ బజ్జీ కూడా వసూలు చేశాడు.

కానీ జానీబీ మనసులో ఆ చిటికెన వేలు అలాగే వంగి ఉంది. మర్నాడు నమాజు చేసుకుని, కొడుకుని లేపకుండా, దూది మూటల వెనక నిలబడి చూసింది.

గౌస్ మేలుకునే ఉన్నాడు. పైకి లేవబోయి ఆగాడు. మోచేతుల మీద బరువు వేసి పక్కకి దొర్లాడు. పరుపు అంచుదాకా జరిగి, మోకాళ్లు నేలకి ఆనించి, కాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత కుట్టుపీట మీద మోచెయ్యి ఆనించి, పళ్లు బిగించి, ఒక్కొక్క కాలూ కూడదీసుకున్నాడు. లోపల స్టవ్వు మీద పెట్టొచ్చిన పాలు పొంగి, మాడి, ఇల్లంతా వాసన కొడుతున్నా ఆవిడ కదల్లేదు. వాడు సగం లేచేసరికి తల్లి చీర అంచు కనపడింది. వెంటనే ధబీమని పరుపు మీద పడి, గుర్రు పెట్టడం మొదలెట్టాడు. అంత గట్టి గుర్రు నిద్రపోయేవాడు ఎవడూ పెట్టడు.

మనిషి లేవలేడు అని చెప్పి తను ఎన్ని పరుపులు అమ్మిందో జానీబీకి గుర్తొచ్చింది.

గుంటూరులో కీళ్లవాతానికే ప్రత్యేకంగా చూసే డాక్టరమ్మ ఉందని పున్నమ్మ చెప్పింది. పున్నమ్మ వియ్యపురాలికి అక్కడే తగ్గిందట. జానీబీ తొలి బస్సుకే బయల్దేరింది. సాయంత్రం దాకా ఆగితే వేళ్లు వదులై వీడు మళ్లీ పాసైపోతాడని ఆవిడ భయం. బస్సులో ఆడవాళ్లకి ఉచితమని తెలిసి గౌస్ తల్లి పైట కొంగు తన నెత్తి మీదికి లాక్కుని, మొహం దించుకుని కూర్చున్నాడు.

కండక్టరు వంగి చూశాడు. "ఏమ్మా, గడ్డం గీసుకోకుండానే బయల్దేరావా?"

బస్సంతా నవ్వింది. జానీబీ నవ్వుతూనే కొడుకు చేతుల్ని తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

డాక్టరమ్మ గౌస్‌ని చూసి, "కూర్చోండి గౌస్ గారూ" అంది. వాడు వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరైనా వచ్చారేమోనని. తననే అని తెలిశాక కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఆమె ఒక్కొక్క వేలూ, మణికట్టూ, మోకాలూ, కాలి వేళ్లూ మెల్లగా నొక్కుతూ చూసింది. జిగురు పూసి స్కానింగు యంత్రం ఆనిస్తే గౌస్ చక్కిలిగింతలకి మెలికలు తిరిగాడు. తెర మీద కీళ్ల లోపల వాపు కనిపించింది. మెడ ఎక్స్‌రే కూడా తీయించింది. ఇలాంటివాళ్లకి మెడ ఎముకలు వదులుగా ఉండే వీలుందనీ, ముందే చూసుకోవాలనీ చెప్పింది. మెడ బాగానే ఉంది.

"రక్తంలో ఏమీ లేదన్నారు కదండీ?" అంది జానీబీ.

"గుర్తు లేనంత మాత్రాన జబ్బు లేనట్టు కాదమ్మా. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకి ఈ కీళ్ల జబ్బు మిగతావాళ్ల కంటే ఎక్కువే వస్తుంది. వచ్చినా చాలామందికి ఆ పరీక్షల్లో ఏమీ తేలదు. నొప్పని వాళ్లు చెప్పరు. చేసే పని మానేస్తారు, అంతే. ఇంట్లోవాళ్లు బద్ధకం అనుకుంటారు."

"మేం అదీ అనుకోలేదండీ" అంది జానీబీ. "మా పరుపు బాగుంది అనుకున్నాం."

డాక్టరమ్మకి మొదట అర్థం కాలేదు. ఆవిడ సంగతంతా చెప్పాక నవ్వాలో వద్దో తెలియక నీళ్లు తాగింది. కొత్తగా చేయించిన రక్త పరీక్షలో థైరాయిడ్ మీద ఒళ్లే ఎదురు తిరిగిన గుర్తులు మాత్రం దండిగా ఉన్నాయని చెప్పింది. "చేనికి కాపలా పెట్టినవాడు దొంగని వదిలేసి, పత్తి చెట్లనే కర్రతో బాదుతున్నాడనుకోండి. ఒంట్లో జరిగేది అదే. థైరాయిడ్ దగ్గర వాడి కాలిజాడ దొరికింది. కీళ్ల దగ్గర జాడ లేదు, దెబ్బలు మాత్రం కనపడుతున్నాయి."

థైరాయిడ్‌కి రోజూ పరగడుపున ఒక మాత్ర. కీళ్లకి వారానికి ఒక్కరోజే వేసుకోవాల్సిన మాత్ర, రోజూ వేస్తే ప్రాణం మీదికొస్తుందని రెండుసార్లు చెప్పింది. తర్వాత అసలు చిక్కు చెప్పింది.

"ఇది పనిచేస్తోందో లేదో తేల్చుకుని మందు పెంచాలి, లేదా మార్చాలి. ఆలస్యమైతే వేళ్లు ఇలాగే వంకరపోయి ఉండిపోతాయి. తగ్గుతోందా అన్నది రక్తం సరిగ్గా చెప్పదు. నేను ఎప్పుడో ఒకసారి చూస్తాను. రోజూ ఎలా ఉందో గౌస్ గారే చెప్పాలి."

"ఈడా?" అంది జానీబీ. "ఈడు చెప్పాలా?"

డాక్టరమ్మ గౌస్ వైపు తిరిగింది. "పొద్దున ఏం తిన్నారండీ?"

"ఏం లేదు" అన్నాడు గౌస్ దీనంగా. చొక్కా మీద అల్లం చట్నీ ఇంకా తడిగానే ఉంది.

డాక్టరమ్మ నవ్వే మొహం నుంచి ఏడ్చే మొహం దాకా వరసగా బొమ్మలున్న అట్ట ఒకటి ఇచ్చి, నొప్పి ఎంతుందో వేలు పెట్టి చూపించమనండి అంది. ఆ అట్ట ఇంటికొచ్చిన మొదటి రోజు గౌస్ ఏడుపు మొహం చూపించాడు. కలీం మనసు కరిగి బజ్జీలు తెచ్చాడు. అంతే, ఆ వారమంతా ఏడుపు మొహమే. బజ్జీలు ఆపాక నవ్వు మొహం మీదికి మారాడు, అది తన బొమ్మే అనుకుని. ఆ తర్వాత పున్నమ్మ మనవడితో పందెం వేసుకుని ఇద్దరూ కళ్లు మూసుకుని వేలు పెట్టారు.

"మందు పనిచేస్తందా లేదా?" అన్నాడు కలీం.

"నన్నడుగుతావేంట్రా? ఆ బొమ్మల్ని అడుగు" అని విసుక్కుంది జానీబీ.

మాత్ర వేసుకున్న మర్నాడు గౌస్ బజ్జీ వద్దన్నాడు. బజారంతా హడలిపోయింది. జానీబీ ఫోను చేస్తే, ఆ మాత్రకి వికారం ఉంటుందని డాక్టరమ్మ చెప్పి, దానికింకో మాత్ర జోడించింది. ఒక్క ఆ రోజు తప్ప వాడి ఒళ్లు లోపల ఏం జరుగుతోందో ఆవిడకి తెలిసింది లేదు. పొద్దున లేపబోతే గుర్రు పెడతాడు. నొప్పా అంటే ఎదుటివాడి చేతిలో ఏముందో చూసి జవాబు చెబుతాడు. మళ్లీ గుంటూరు వెళ్లాల్సిన రోజు దగ్గరపడుతోంది. ఏమని చెప్పాలి? పెంచమనా, మార్చమనా? తప్పు చెబితే వాడి వేళ్లు పోతాయి. ఆవిడకి అన్నం సహించడం మానేసింది.

అలాంటి రోజుల్లో ఒక రైతు తిరగకుట్టమని పాత పరుపు పడేసిపోయాడు. దూది ఏకించి, కుట్టి, జానీబీ దాన్ని కొడుకు ముందు పరిచింది. గౌస్ కళ్లు మూసుకున్నాడు. వేళ్లతో నొక్కడం మానేశాడు కాబట్టి అరచేతి మొదలు ఆనించి పాకించుకుంటూ పోతున్నాడు. మొహంలో కొంటెతనమంతా పోయి, వయసున్న మేస్త్రీ మొహం వచ్చింది. "ఉండ" అన్నాడు ఒకచోట. కాస్త ముందుకెళ్లి, "ఇది బాగుంది" అన్నాడు.

జానీబీ చేతిలో దబ్బనం పక్కన పెట్టి లేచింది. తర్వాత ఒక పరుపు గుడ్డ ముక్క తెచ్చి, వాడి ఎడమ చెయ్యి పరుపు మీద పెట్టి, పైన ఆ గుడ్డ కప్పింది.

"ఒరేయ్ గౌసూ. ఇదీ పరుపే. బేరానికి వచ్చింది. చూసి చెప్పు."

గౌస్ ఒక కన్ను తెరిచి తల్లిని చూశాడు. గుడ్డని చూశాడు. మళ్లీ కన్ను మూసుకుని, కుడి అరచెయ్యి ఆ గుడ్డ మీద మెల్లగా నడిపించాడు.

"ఇక్కడ ఉండ" అన్నాడు చూపుడు వేలి కణుపు మీద ఆగి. "ఇక్కడ ఉండ. ఇది బాగుంది. ఇది కొంచెం." చిటికెన వేలి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి గాల్లోనే ఆపేశాడు. "ఇది పెద్ద ఉండ. విప్పాలి."

బజ్జీ అడగలేదు. చాయ్ అడగలేదు. మోకాలి మీద గుడ్డ వేస్తే, "రెండు ఉండలు" అన్నాడు. మెడ మీద వేస్తే, "మంచి దూది" అన్నాడు. తల మీద వేస్తే మాత్రం, "ఖాళీ" అని తనే పకపకా నవ్వాడు.

జానీబీ కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వుకో ఏడుపుకో ఆవిడకే తెలియదు.

ఆ రోజు నుంచి పొద్దున్నే గుడ్డ కప్పడం, సాయంత్రం మళ్లీ కప్పడం. కలీం మొదట నమ్మలేదు. "ఒరేయ్, మీసంలో చూడు, ఉందేమో" అన్నాడు. గౌస్ ఓపిగ్గా మీసం తడుముకుని, "లేదు" అన్నాడు. కలీం మొహం మారిపోయింది. ఆ తర్వాత లుంగీ ముడి వేసేటప్పుడు ఒక్క మాట కూడా అనలేదు.

గుంటూరు వెళ్లేటప్పుడు జానీబీ ఆ గుడ్డముక్క కూడా తీసుకెళ్లింది. సిగ్గుపడుతూ సంగతి చెప్పింది. డాక్టరమ్మ తనే గుడ్డ కప్పి, "గౌస్ గారూ, ఈ పరుపు చూసి పెట్టండి" అంది. వాడు ఉండలున్న చోట్లు చూపించాడు. ఆమె స్కానింగు యంత్రంతో అవే చోట్లు చూసింది. వాపు అక్కడక్కడే ఉంది. ఒకటి మాత్రం వాడు బాగుందన్నచోట కొంచెం కనిపించింది.

"ఇక్కడ కూడా ఉన్నట్టుందే" అంది ఆమె.

గౌస్ మళ్లీ తడిమాడు. "చిన్నది" అని ఒప్పుకున్నాడు. "నడుముకి తగలదు."

డాక్టరమ్మ మందు పెంచింది.

వానలు పడ్డాయి. పత్తి పూతకొచ్చింది, కాయ పగిలింది. ఉండలు ఒక్కొక్కటీ కరుగుతూ వచ్చాయి. మోకాళ్లు ముందు బాగుపడ్డాయి. చూపుడు వేలు తర్వాత. గుండీలు పెట్టుకోగలిగినా హీరో హీరోనే కాబట్టి పెట్టుకోడు. చిటికెన వేలు మాత్రం కొంచెం వంగే ఉండిపోయింది. అది ఇక ఇంతేనని డాక్టరమ్మ ముందే చెప్పింది. గౌస్‌కి దానితో పేచీ లేదు, బస్సు కమ్మీకి తగిలించుకోవడానికి బాగుందట.

కొత్త పత్తి మిల్లులకి వస్తున్న రోజుల్లో మళ్లీ గుంటూరు వెళ్లారు. ఈసారి కలీం కూడా వచ్చాడు. డాక్టరమ్మ ప్రతి కీలూ నొక్కి చూసింది. తెర మీద చూసింది. ఎక్కడా వాపు లేదు.

"ఇదే మోతాదు కొనసాగిద్దాం" అని, ముగించేలోపు అలవాటుగా గుడ్డ కప్పింది. "గౌస్ గారూ, మీరేమంటారు?"

గౌస్ కళ్లు మూసుకుని రెండు చేతులూ తడిమాడు. "మంచి దూది." కాస్త ఆగి, "ఒక ఉండ ఉంది" అన్నాడు.

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి, మళ్లీ వేళ్లు నొక్కింది, మణికట్టు నొక్కింది, పాదాలు నొక్కింది. ఏమీ దొరకలేదు. "నిజమేనా గౌస్ గారూ? మందు మార్చాలా మరి?"

"బజ్జీ అడగబోతన్నాడండీ, నమ్మొద్దు" అన్నాడు కలీం.

"ఉండ ఉంది" అన్నాడు గౌస్, మార్టూరాయన ఆటో మీద అన్న గొంతుతోనే. కుర్చీ దిగి, గుడ్డముక్క చేత్తో పట్టుకుని, నేల మీద చతికిలపడి కూర్చున్నాడు. కూర్చోవడం చూసి డాక్టరమ్మ సంతోషించేలోపే, ఆ గుడ్డ జానీబీ కుడి మోకాలి మీద కప్పి, అరచెయ్యి ఆనించాడు.

"ఇక్కడ. పెద్దది."

"ఛ, లేవరా" అంది జానీబీ, చీర సర్దుకుంటూ. "వాడి మాటలకేంగానీ అమ్మా, నాకేం లేదు. నేను ఉక్కుముక్కలా ఉన్నాను."

"పీట మీంచి లేచేటప్పుడు అమ్మ 'యా అల్లా' అంటది" అన్నాడు గౌస్. "మెట్లు వెనక్కి తిరిగి దిగతది. ఎవళ్లూ చూడకుండా."

కలీం తల్లి మొహంలోకి చూశాడు. ఆవిడ గోడ మీద క్యాలెండరు చూడసాగింది.

"మేం బస్సుకి పోవాలండీ" అంది జానీబీ. "కొట్లో పని ఉంది. రెండు పరుపులు..."

డాక్టరమ్మ పరీక్ష బల్ల మీద దుప్పటి దులిపి సరిచేసింది. గౌస్ బాషా లేచి నిలబడి, తల్లి రెక్క పట్టుకుని అక్కడికి నడిపించాడు.

"పడుకో" అన్నాడు. "గుర్రు పెట్టావంటే ఊరుకోను."